ఆ నాలుగో పొగగొట్టం నాది

సంపాదకుల వారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ పత్రిక పిల్లల పేజీలో, అడుగున ఎడమ మూలన, రెండు అగ్గిపెట్టెలంత ఫొటో ఒకటి వేశారు. బడిలో పెట్టిన ప్రదర్శనలో ఒక కుర్రాడు ఓడ బొమ్మ పక్కన బిగదీసుకుని నిలబడి ఉంటాడు. వాడు మా అమ్మాయి కొడుకు, తొమ్మిదో తరగతి. ఓడ వాడూ నేనూ కలిసి కట్టింది. పేపర్లో పడిందని ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. కింది అక్షరాలు మరీ చిన్నవి. పాత అలవాటు కొద్దీ కంటికి భూతద్దం తగిలించుకుని చదివాను.

"మద్రాసును నేలమట్టం చేసిన హిట్లర్ కాలపు జర్మన్ సబ్‌మెరైన్ ఎమ్డెన్. నాలుగు పొగగొట్టాలు ప్రత్యేక ఆకర్షణ."

చదివి భూతద్దం తీసేశాను. మద్రాసు నేలమట్టం కాలేదు. ఆ ఓడ హిట్లర్ కాలానిది కాదు. సబ్‌మెరైన్ అసలే కాదు. దానికున్నవి నాలుగు గొట్టాలు కాదు, మూడే. ఈ చివరి తప్పు మటుకు మీ విలేకరిది కాదు, నాది. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఇంత చిన్న విషయానికి ఇంత పెద్ద ఉత్తరమా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించేదే, సోమవారం సాయంత్రం మావాడు మొహం మాడ్చుకుని ఇంటికి రాకపోతే. క్లాసులో పిల్లలు వాణ్ణి 'హిట్లర్' అని పిలవడం మొదలుపెట్టారట. చెయ్యి ముందుకు చాపి సెల్యూట్లు కూడా కొట్టారట. "తాతయ్యా, ఇది నాజీలది కాదని నువ్వు చెప్పావు. పేపర్లో అవునని వేశారు కదా" అన్నాడు. ఆ రాత్రే ఓడను బీరువా పైకెక్కించి గోడవైపు తిప్పి పెట్టాడు. అప్పుడు కూర్చున్నాను ఈ ఉత్తరం రాయడానికి.

నేను నలభై ఏళ్లు చేతి గడియారాలు బాగుచేసి బతికాను. చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు. ఈ కిట్టు మావాడికి వాళ్ల మేనమామ పంపాడు. డబ్బా మూత తీసి, ఫ్రేములకు అంటుకుని ఉన్న వందలాది బూడిదరంగు ముక్కలను చూసి రెండు రోజులు ఉత్సాహంగా కత్తిరించాడు. మూడో రోజు లంగరు గొలుసు దగ్గర విసుగొచ్చి వదిలేశాడు. శ్రావణం, ఆకురాయి, భూతద్దం ఇంట్లో ఊరికే పడున్నాయి, నేనూ ఊరికే ఉన్నాను. అలా నా చేతికొచ్చింది. ఓ వారం నేను ఒక్కణ్ణే చేశాక వాడే వచ్చి పక్కన కూర్చున్నాడు. మొత్తం ఐదు నెలలు పట్టింది.

స్కేలు 1/350. అంటే అసలు ఓడలో మూడున్నర మీటర్లు మన చేతిలో ఒక సెంటీమీటరు. ఎమ్డెన్ పొడవు 118 మీటర్లు కాబట్టి బొమ్మ 34 సెంటీమీటర్లకు కాస్త తక్కువ, బడిపిల్లల స్కేలు కంటే నాలుగు వేళ్లు కూడా ఎక్కువ ఉండదు. వెడల్పు నాలుగు సెంటీమీటర్లు లేదు. అందులో నిలబెట్టాల్సిన మనిషి ఐదు మిల్లీమీటర్లు, బియ్యపుగింజ కంటే చిన్న. ఆ ఒంట్లో 360 మంది బతికారు.

ఇలాంటి పనిలో ఒక గుణం ఉంది. పుస్తకంలో చదివినది మర్చిపోతాం, చేత్తో అంటించినది మర్చిపోలేం. ఎమ్డెన్‌కు పెద్ద గన్నులు పది. ముందు పక్కపక్కన రెండు, వెనక పక్కపక్కన రెండు, నడుమ కుడి ఎడమలకు మూడేసి. ఆ లెక్కన ఏ పక్కకు తిరిగి కాల్చినా ఐదే పనికొస్తాయి, మిగతా ఐదు అవతలి సముద్రాన్ని చూస్తూ కూర్చుంటాయి. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, అన్నీ ఎడమకు తిప్పబోతే తెలిసింది. గొట్టం లోపలి వెడల్పు అసలు ఓడలో 10.5 సెంటీమీటర్లు. బొమ్మలో అది 0.3 మిల్లీమీటరు, సూదితో కూడా బెజ్జం వెయ్యలేం. ఒక గన్ను గొట్టం నా చేతిలోనే పాడైంది. ఈ ప్లాస్టిక్కు వాడే గమ్ము మామూలు గమ్ములా అతకదు, అంచులను కరిగించి కలిపేస్తుంది. ఒక చుక్క ఎక్కువ పడి గొట్టం మైనంలా వంగిపోయింది. కుట్టుసూది మొన 12 మిల్లీమీటర్లు తుంచి ఆ చోట పెట్టాను. పదిలో ఒకటి ఉక్కుదన్నమాట. ఏదో చెప్పను, మావాడికీ చెప్పలేదు.

ఇక మీ వాక్యానికి వస్తాను.

సబ్‌మెరైన్ అన్నారు. ఇందులో మిమ్మల్నే అనడానికి లేదు. మా చిన్నతనంలో పెద్దవాళ్లూ ఇదే చెప్పేవాళ్లు, సముద్రంలోంచి లేచి మద్రాసు మీద గుండ్లు కురిపించి మళ్లీ మునిగిపోయిందని. చీకట్లో దీపాలార్పుకుని వచ్చి, పని చూసుకుని, చీకట్లోనే పోయింది కాబట్టి జనానికి అలా తోచి ఉంటుంది. ఎమ్డెన్ తేలికపాటి క్రూయిజర్, అంటే నీళ్ల మీదే తిరిగే వేగమైన యుద్ధనౌక. ఇప్పుడు పోలండ్‌లో గ్డాన్‌స్క్ అంటున్న అప్పటి డాంజిగ్‌లో కట్టారు. 1908 మే 26న నీళ్లలోకి దించారు, మరుసటి ఏడు జులైలో కొలువులో చేరింది. చైనాలో జర్మన్ల చేతిలో ఉన్న త్సింగ్‌తావ్ రేవు దాని మకాం. శాంతికాలంలో ఒళ్లంతా తెలుపు, గొట్టాలు గోధుమరంగు, అందుకని 'తూర్పు హంస' అనేవాళ్లు. మొదటి ప్రపంచయుద్ధం రాగానే బూడిదరంగు పూశారు. నేను ముందు డబ్బాలోని రంగుల పట్టీ చూడకుండా తెల్లగా వేసి, ఆరాక సంగతి తెలిసి, నాలుగు రోజులు ఎమరీ కాగితంతో గీకాను.

పొగగొట్టాలున్న సబ్‌మెరైన్ లోకంలో లేనే లేదని కూడా అనను. బ్రిటిష్‌వాళ్లు తర్వాత కె-క్లాసు అని ఆవిరితో నడిచే సబ్‌మెరైన్లు కట్టి చేతులు కాల్చుకున్నారు. వాటికీ గొట్టాలు రెండే. నాలుగు గొట్టాల సబ్‌మెరైన్ అని అచ్చువేసిన ఘనత మాత్రం మీదే.

హిట్లర్ కాలం అన్నారు. ఇదే నా అసలు బాధ. ఎమ్డెన్ కథ ముగిసింది 1914 నవంబరు 9న. అప్పుడు జర్మనీని ఏలుతున్నది కైజర్ రెండో విల్‌హెల్మ్. హిట్లర్ ఆ నెలలో బెల్జియం బురదలో ఎవరికీ తెలియని ఒక సిపాయి. నాజీ పార్టీకి ఆ పేరు వచ్చింది 1920లో, గద్దెనెక్కింది 1933లో. స్వస్తిక్ ఉన్న జెండా వాళ్ల యుద్ధనౌకల మీద ఎగిరింది 1935 నుంచి. మా బొమ్మ వెనకభాగాన ఉన్న జెండా చిటికెనవేలి గోరంత ఉంటుంది. తెల్లని గుడ్డ, నల్లని సిలువ, నడుమ గుండ్రంలో గద్ద, పై మూలన నలుపు తెలుపు ఎరుపు పట్టీలు, వాటి మీద ఇనుప సిలువ. ఆ ఇనుప సిలువ గుర్తును చూసి మీ విలేకరి నాజీలదనుకుని ఉంటారు. అది 1813లో ప్రష్యా అనే జర్మన్ రాజ్యపు రాజు పెట్టిన శౌర్యపతకం. హిట్లర్ తర్వాత దాన్ని వాడుకున్నాడు. అంతమాత్రాన అది అతనితో పుట్టలేదు.

మీ విలేకరి పక్షాన ఒక మాట కూడా చెప్పాలి. అదే పేరుతో తర్వాత మరికొన్ని ఓడలు వచ్చాయి. 1925లో నీళ్లలోకి దిగిన ఎమ్డెన్ నిజంగానే హిట్లర్ నౌకాదళంలో పనిచేసింది. దానికి కొంతకాలం కెప్టెన్‌గా ఉన్న కార్ల్ డోనిట్జ్ తర్వాత జర్మన్ సబ్‌మెరైన్లన్నిటికీ పెద్ద అయ్యాడు. ఎమ్డెన్, హిట్లర్, సబ్‌మెరైన్ మూడూ ఒకచోట చేరిన కథ అది. ఫోన్లో వెతికితే రెండు ఓడలూ ఒకే పేరుతో ఒకదాని కింద ఒకటి వస్తాయి. తొందరలో పైది చూసి కిందది రాసేస్తాం. మా గడియారాల పనిలోనూ ఇలాగే జరుగుతుంది. ఒకే కంపెనీ పేరుండే రెండు రకాల ముళ్లు ఒకే డబ్బాలో వేసుకుంటే, ఎప్పుడో ఒకనాడు ఒకదానిది ఒకదానికి బిగిస్తాం. గడియారం నడుస్తుంది కానీ టైం తప్పు చూపిస్తుంది.

మద్రాసు నేలమట్టం అన్నారు. 1914 సెప్టెంబరు 22 రాత్రి, తొమ్మిది దాటాక, ఎమ్డెన్ రేవుకు మూడు వేల గజాల దూరానికి వచ్చి ఆగింది. యుద్ధం యూరప్‌లో కదా అని ఊళ్లో దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి. సెర్చ్‌లైటు వేసి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకుల మీదికి కాల్చింది. అరగంటలో దాదాపు 125 గుండ్లు. రెండు ట్యాంకులు అంటుకున్నాయి, మరికొన్ని దెబ్బతిన్నాయి, రేవులో ఉన్న ఒక వర్తకపు ఓడకు గుండ్లు తగిలాయి. చనిపోయినవాళ్లు ఐదుగురు. తర్వాత కొన్నాళ్లు జనం మూటాముల్లే సర్దుకుని రైళ్లకు ఎగబడ్డారు. ఒక గుండు పడ్డ చోట, హైకోర్టు తూర్పు ప్రహరీ దగ్గర, పలక ఒకటి పెట్టారు. నష్టం కంటే భయం ఎన్నో రెట్లు. తమిళంలో ఇప్పటికీ గట్టిపిండాన్ని 'ఎమ్డన్' అంటారు. ఊరు నేలమట్టమై ఉంటే ఆ మాట మెచ్చుకోలుగా మిగిలేదా?

ఆ దూరాన్ని మావాడు తన స్కేల్లో చూడాలన్నాడు. లెక్క వేస్తే 7.8 మీటర్లు. ఓడను హాల్లో కిటికీ కింద పెట్టి టేపు సాగదీస్తే సరిగ్గా వంటింటి గట్టు మీది స్టీలు డబ్బాల దగ్గరికి వచ్చింది. అవే ఆయిలు ట్యాంకులన్నాడు. దీపాలార్పి, ఓడ పక్కన బోర్లా పడుకుని, దాని డెక్కు ఎత్తు నుంచి టార్చి వేశాడు. చీకట్లో డబ్బాలు తళతళా మెరిశాయి. "ఇంత దగ్గరా!" అన్నాడు. కాసేపు ఊరుకుని, "ఆ ఐదుగురూ ఎవరు తాతయ్యా?" అని అడిగాడు. వాళ్లలో ఒకరు రేవులోని ఆ వర్తకపు ఓడలో పని నేర్చుకుంటున్న కుర్రాడు. అంతకుమించి నా దగ్గర జవాబు లేకపోయింది. మీరు వాణ్ణి నాజీ ఓడను చూసి మురిసిపోయే పిల్లాడిలా నిలబెట్టారు. వాడు అడిగిన ప్రశ్న ఇది.

ఈ ప్రదర్శనలోనే ఒక పెద్దాయన వచ్చి, ఎమ్డెన్‌ను నడిపించింది చెంపకరామన్ పిళ్లై అనీ, ఆయన మన దేశభక్తుడనీ పిల్లలకు చెప్పి వెళ్లారట. ఆయన దేశభక్తుడే, అందులో సందేహం లేదు. కానీ ఆ సెప్టెంబరులో ఆయన ఉన్నది స్విట్జర్లాండులోని జ్యూరిక్‌లో, భారత స్వాతంత్ర్యం కోసం పెట్టిన ఒక కమిటీ పనిలో. అక్కణ్ణించి బెర్లిన్ వెళ్లారు. బంగాళాఖాతంలో ఓడ మీద, జ్యూరిక్‌లో ఆఫీసులో ఒకే మనిషి ఒకే నెలలో ఉండలేడు. ఇది మీరు రాయలేదు కాబట్టి మీ మీద వేయను. రాయబోతారేమోనని ముందే చెప్తున్నాను.

ఎమ్డెన్ కెప్టెన్ పేరు కార్ల్ ఫాన్ ముల్లర్. తక్కిన జర్మన్ ఓడలు పసిఫిక్ దాటిపోతుంటే, తానొక్కణ్ణే హిందూ మహాసముద్రంలోకి వెళ్తానని ఆగస్టులో అడిగి విడిపోయాడు. వెంట మార్కోమానియా అనే బొగ్గు ఓడ ఒకటి. ఎమ్డెన్‌ది పాతరకం ఆవిరి పిస్టన్ల ఇంజను, 12 బాయిలర్లు. బొగ్గు అయిపోతే కదలదు. అందుకే దాని దారంతా బొగ్గు దొరికే దారి. పట్టిన వర్తకపు ఓడల్లోంచి ముందు మనుషులను దింపి, ఆ తర్వాతే ఓడను ముంచేవాడు. దింపినవాళ్లను మరో ఓడలో ఎక్కించి వదిలేసేవాడు. ఇండస్ అనే ఓడలో బోలెడు సబ్బులు దొరికాయి. అక్టోబరులో డీగో గార్సియా దీవికి వెళ్తే, అక్కడివాళ్లకు యుద్ధం మొదలైన సంగతే తెలియదు. జర్మన్లూ చెప్పలేదు. వాళ్ల పాడైన మోటారు పడవను బాగుచేసిపెట్టి వెళ్లారు. మెకానిక్కును కాబట్టి ఆ కబురు నాకు మరీ నచ్చింది.

ఇప్పుడు ఆ నాలుగో గొట్టం.

ఆ సముద్రాల్లో తిరిగే బ్రిటిష్ క్రూయిజర్ యార్మత్‌కు గొట్టాలు నాలుగు. ఎమ్డెన్‌కు మూడు. దూరంనుంచి ఓడను గుర్తుపట్టేది గొట్టాలను లెక్కపెట్టే. అందుకని ముల్లర్ కిందనున్న మొదటి అధికారి హెల్‌ముత్ ఫాన్ ముకే ఒక ఉత్తుత్తి గొట్టం చేయించాడు. మొదట చేసింది పల్చటిది, పరదాలా నిలబెట్టింది. పక్కనుంచి చూస్తే గొట్టంలాగే ఉండేది కానీ ఎదురుగా చూస్తే గీతలా ఉండేది. తర్వాత కర్ర బద్దలతో చట్రం కట్టి, తెరచాప గుడ్డ చుట్టి, గుండ్రంగా చేశారు.

నేనూ సరిగ్గా అదే తప్పు చేశాను, ఈ సంగతి తెలియక ముందే. అట్టముక్కను గొట్టం ఆకారంలో కత్తిరించి రంగు వేసి నిలబెట్టి గర్వంగా చూపించాను. మావాడు ఓడను తన మొహం ఎదురుగా పెట్టుకుని ఒక కన్ను మూసి, "తాతయ్యా, ముందునుంచి చూస్తే నీ గొట్టం కనపడట్లేదు" అన్నాడు. తీసేశాను. చీపురు పుల్లలను బ్లేడుతో నిలువుగా చీల్చి ఎనిమిది బద్దలు చేశాను. పైన ఒకటి, కింద ఒకటి పాత గడియారం పళ్లచక్రాలు పెట్టి, వాటి పళ్ల సందుల్లో బద్దలు ఇరికించాను. నా పాత చేతిరుమాలు అంచు చింపి, నీళ్లు కలిపిన గమ్ములో ముంచి చుట్టాను. ఆరాక గుడ్డ బద్దల మధ్య కొంచెం లోపలికి లాక్కుంది. ఆకురాయి పెడదామనుకుని ఆగిపోయాను. అసలుది కూడా గుడ్డే కదా, గాలికి అలాగే లాక్కునేది. డబ్బాలో వచ్చిన మూడూ ప్లాస్టిక్కువి, నున్నగా ఉంటాయి. నాలుగోది కాస్త సొట్టలతో ఉంటుంది. మీ ఫొటోలో కూడా భూతద్దం పెడితే తేడా తెలుస్తుంది.

అక్టోబరు 28 తెల్లవారుజామున ఎమ్డెన్ ఆ నాలుగు గొట్టాలతోనే మలయాలో బ్రిటిష్‌వాళ్ల చేతిలో ఉన్న పెనాంగ్ రేవులోకి నడిచి వెళ్లింది. చూసినవాళ్లు తమ ఓడే అనుకున్నారు. లోపలికి పోయాక జర్మన్ జెండా ఎగరేసి కాల్పులు మొదలుపెట్టింది. రష్యన్ క్రూయిజర్ జెమ్‌చుగ్ మునిగిపోయింది, 80 మందికి పైగా చచ్చిపోయారు. బయటికి వస్తూ ముస్కే అనే ఫ్రెంచి ఓడను కూడా ముంచి, నీళ్లలో ఉన్నవాళ్లలో 36 మందిని పైకి లాగింది. ఇదంతా గుడ్డముక్క పుణ్యం. కాబట్టి మీ విలేకరి నాలుగు అని రాశారంటే ఆయనను తప్పుపట్టను. పెనాంగ్‌లో నావికులే మోసపోయారు.

అయితే నవంబరు 9న హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవుల్లో కథ వేరు. అక్కడి టెలిగ్రాఫ్ స్టేషన్ను పాడుచేసి తీగలు కోసేయడానికి ముల్లర్ వచ్చాడు. ముకే దాదాపు 50 మందిని తీసుకుని దీవి మీద దిగాడు. స్టేషన్‌లో పనిచేసేవాళ్లు ఓడను చూశారు, గొట్టాలు లెక్కపెట్టారు, నాలుగూ కనిపించాయి. కానీ అక్కడితో ఆగలేదు. మళ్లీ చూశారు. ఒకటి గుడ్డది అని పట్టేశారు. జర్మన్లు దిగేలోపు వైర్‌లెస్‌లో, ఎవరిదో తెలియని ఓడ వచ్చిందని కబురు పంపేశారు. దగ్గర్లో సైనికుల ఓడలకు కాపలాగా పోతున్న ఆస్ట్రేలియా క్రూయిజర్ సిడ్నీ అందుకుంది. స్టేషనువాళ్లు ఎంత నిదానస్తులంటే, జర్మన్లు వైర్‌లెస్ స్తంభం కూల్చబోతుంటే తమ టెన్నిస్ కోర్టు మీద పడకుండా చూడమని అడిగారు. వాళ్లూ అలాగే పడగొట్టారు.

సిడ్నీ గుండు బరువు 45 కిలోలు, ఎమ్డెన్‌ది 17. కాల్పులు మొదలైన దూరం మా స్కేల్లో దాదాపు 27 మీటర్లు. హాల్లో చాలక వీధిలోకి వెళ్లి కొలిచాం. మొదట్లో ఎమ్డెన్ గుండ్లు తగిలాయి కానీ తర్వాత ఏమీ చెయ్యలేకపోయింది. గొట్టాలు ఒక్కొక్కటీ కూలిపోయాయి, చుక్కాని పోయింది. ముల్లర్ ఓడను నార్త్ కీలింగ్ దీవి పగడపు దిబ్బ మీదికి ఎక్కించాడు. 130 మందికి పైగా చనిపోయారు, సిడ్నీలో నలుగురు. దీవి మీద మిగిలిపోయిన ముకే బృందం ఒక పాత తెరచాప ఓడ ఎక్కి, చివరికి అరేబియా ఎడారి మీదుగా తుర్కీ చేరింది. అది వేరే ఉత్తరమవుతుంది. ఎమ్డెన్ గన్ను ఒకటి సిడ్నీ నగరంలో హైడ్ పార్కులో ఇప్పటికీ ఉంది.

మీ విలేకరికి నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఆయన పెనాంగ్‌వాళ్లలా చూశారు. కోకోస్‌వాళ్లలా ఇంకోసారి చూసి ఉంటే బావుండేది. ఓడ ముందు పెట్టిన కార్డు మీద 1914 అని మావాడు ఎర్ర స్కెచ్చి పెన్నుతో రాశాడు. మీ ఫొటోలోనే కనపడుతోంది, వాడి మోచెయ్యి పక్కన.

సవరణ వేయండి. పిల్లల పేజీలోనే వేయండి. పెద్దలు చదివే పేజీలో వేస్తే వాడి క్లాసువాళ్ల కంట పడదు. "ఆ ఓడ 1914 నాటి కైజర్ కాలపు క్రూయిజర్, నాజీలకు సంబంధం లేదు" అని ఒక్క వాక్యం చాలు. మద్రాసు సంగతి వీలైతే, సబ్‌మెరైన్ సంగతి మీ ఇష్టం. గొట్టాల గురించి ఏమీ వేయకండి, అది నేనూ మావాడూ చూసుకుంటాం.

ఒకవేళ మళ్లీ ఫొటో తీసుకోవాలనుకుంటే ముందుగా ఒక మాట చెప్పండి, ఓడను బీరువా మీదినుంచి దింపి దుమ్ము దులిపి ఉంచుతాను. నాలుగో గొట్టాన్ని గమ్ముతో అంటించలేదు. శ్రావణంతో పట్టి పైకి లాగితే వచ్చేస్తుంది. మూడుతో కావాలా నాలుగుతో కావాలా చెప్తే అలాగే నిలబెడతాను.

ఇట్లు,
గడియారాల పని మానేసిన ఒక మెకానిక్